మావి ఎవరిది

నా కడుపులో పెరిగినదాన్ని ఏం చేయాలో నన్ను తప్ప అందర్నీ అడిగారు. మా ఆయన్ని అడిగారు, అత్తగారిని అడిగారు, ఫోన్లో మా అమ్మని కూడా అడిగారు. నేను అక్కడే, చేతికి బీపీ పట్టీ చుట్టించుకుని, బల్ల మీద కూర్చునే ఉన్నాను. గొడవ బిడ్డ గురించి కాదు. బిడ్డ వెనకాలే బయటికొచ్చే మావి గురించి. మామూలుగా ఆసుపత్రివాళ్లు దాని మొహం కూడా చూడరు. కానీ మా పెద్దాసుపత్రిలో, కాన్పు ప్రమాదంలో పడే ఆడవాళ్ల మీద పరిశోధన చేస్తున్న ఒక డాక్టరమ్మ దాన్ని తనకిమ్మని అడిగింది. ఇస్తానన్నాను. అక్కణ్నుంచి మొదలైంది రామాయణం.

ఎందుకు ఇస్తానన్నానో తెలియాలంటే మొదటి కాన్పు సంగతి చెప్పాలి. చెప్పడం నాకిష్టం లేదు, అయినా చెప్తాను.

మాది పోర్టు కుటుంబం. తాతగారు గోదావరి వైపు నుంచి పోర్టులో ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను ఓడల్లో వచ్చే సరుకుకి కాగితాలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తాను. మా ఆయనది విజయనగరం అవతల పల్లె, ఉద్యోగం స్టీల్‌ప్లాంటులో. గాజువాకలో మూడో అంతస్తులో మా ఇల్లు. మామగారు పోయాక అత్తగారు మా దగ్గరికే వచ్చేశారు. మొదటిసారి ఏడో నెలలో కాళ్లు వాచాయి. వాస్తే వాచాయి, అందరికీ వాస్తాయన్నారు. తలనొప్పంటే ఎండకి తిరిగావన్నారు. ఒకరోజు ఆఫీసులో కంప్యూటరు మీద అక్షరాలు చెదిరిపోయి, కళ్ల ముందు మెరుపులు వచ్చాయి. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి బీపీ ఎక్కడికో పోయింది, లోపల బిడ్డ గుండె ఆగిపోయింది.

ఆ తరవాత జరిగిందే నన్ను ఎక్కువ కాల్చింది. ఇంటికి పలకరింపుకి వచ్చినవాళ్లంతా తలో కారణం వెంటబెట్టుకుని వచ్చారు. గ్రహణం నాడు బయటికొచ్చిందట. ఎండు చేపలు తిన్నదట. స్కూటీ మీద పోర్టు రోడ్డు గుంటల్లో తిరిగిందట. మొక్కు తీర్చకుండా సింహాచలం కొండ కింద నుంచే వెనక్కి వచ్చేసిందట. మా అమ్మ సైతం, నీకు చిన్నప్పట్నుంచీ పంతం ఎక్కువే అంది, బీపీకీ పంతానికీ ఏదో చుట్టరికం ఉన్నట్టు. అందరి కారణాల్లోనూ తప్పు చేసిన మనిషిని నేనే. డాక్టర్ని అడిగితే, కొందరికి అలా జరుగుతుందమ్మా అన్నాడు. ఎందుకు జరుగుతుందని అడిగాను. ఆయన తరవాతి మనిషిని పిలిచాడు.

కాబట్టి రెండోసారి నెల తప్పినప్పుడు నేను సంతోషంగా లేను. కోపంగా ఉన్నాను. ఈసారి బిడ్డ బతకాలి, లేదంటే కనీసం ఎందుకు బతకలేదో నాకు తెలియాలి. ఈ రెండే కోరికలు. మొదటిది నా చేతిలో లేదు.

పెద్దాసుపత్రిలో మాలాంటివాళ్లకి వారంలో ఒక రోజు ప్రత్యేకంగా ఓపీ ఉంటుంది. అక్కడ బెంచీల మీద కూర్చుంటే మనుషులు చెప్పిన కారణాలన్నీ ఒక్కపూటలో గాలికి ఎగిరిపోతాయి. నా పక్కన జాలరిపేట ఆవిడ కూర్చునేది. నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊరంతా నడిచే మనిషి. ఆవిడకీ బీపీయే. అటుపక్క కారు దిగి వచ్చే ఒక లెక్చరరమ్మ, మంచం దిగితే ఒట్టు. ఆవిడకీ బీపీయే. నడిస్తే వచ్చిందని ఒకరిని తిట్టారు, కదలకపోతే వచ్చిందని ఇంకొకరిని తిట్టారు. మేం ముగ్గురం తిట్లు పోల్చుకుని నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు చూసి నర్సు, బీపీ పెరుగుతుంది ఊరుకోండి అని మళ్లీ తిట్టేది.

అక్కడే డాక్టరమ్మ పరిచయమైంది. వయసులో నాకంటే చిన్నదే. చెప్పులు అరిగిపోయేలా వార్డుల్లో తిరిగేది. నా పాత కాగితాలు చూసి మొదటి నెలల్లోనే ఏదో చిన్న మాత్ర రాత్రిపూట వేసుకోమంది, బీపీ మాత్రలు మార్చింది. ఒక రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ జబ్బు మొదలయ్యేది మీ తలలోనో కాళ్లలోనో కాదు, మావిలో అని చెప్పింది. లోపల మావి సరిగ్గా పాతుకోకపోతే దానికి రక్తం సరిగ్గా అందదట. ఆ గొడవంతా తల్లి ఒంట్లోకి పాకి బీపీ లేస్తుందట. మరి కొందరికే ఎందుకు అలా అవుతుందని అడిగాను. ఆమె తరవాతి మనిషిని పిలవలేదు. "పూర్తిగా ఎవరికీ తెలీదండీ. అందుకే చూస్తున్నాం. మీ మావి ఇస్తే దాన్ని తూచి, కోసి, ముక్కలు మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాం. మీకు దీనివల్ల ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. ముందే చెప్తున్నా."

నాకు ఒరిగేదేమీ లేదని మొహం మీద చెప్పిన మొదటి మనిషి ఆమె. మొదటి బిడ్డ పోయాక తాయెత్తు ఇచ్చినాయన కూడా అంత నిజం చెప్పలేదు. నాకు భలే నచ్చింది. వెంటనే సరే అన్నాను.

సంతకం దగ్గర మొదటి పేచీ వచ్చింది. డాక్టరమ్మ నా సంతకం చాలంది. కాగితాలు పట్టుకొచ్చిన గుమాస్తా పెద్దాయన మాత్రం, భర్తగారినో అత్తగారినో ఒక మాట అడగండమ్మా, రేపు వాళ్లొచ్చి మా మీద పడితే ఎవరు సమాధానం చెప్తారు అన్నాడు. మా ఆయన బయట స్కూటరు దగ్గర ఉంటే పిలిపించాడు. ఆయన వచ్చి, ఏ సంగతీ అమ్మని అడగకుండా చెప్పే అలవాటు లేదు కనక, అమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ మా అమ్మకి చేశారు. అంతా అయ్యేసరికి పట్టీ కట్టిన నా చేయి తిమ్మిరెక్కింది, బీపీ చూడబోతే పెరిగింది. ఎందుకు పెరిగిందో ఆ ఒక్కసారి ఏ పరిశోధనా అక్కర్లేకుండానే నేను చెప్పగలను.

నేను పెన్ను తీసుకుని సంతకం పెట్టేశాను. కడుపు నాది, వాంతులు నావి, వాపు నాది, తిట్లు నావి, సంతకానికి మాత్రం ఇంకొకరా అని పెద్దాయన్నే అడిగాను. ఆయన పాపం కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఇంటికెళ్లాక అసలుది మొదలైంది. మా అత్తగారు అరిచే మనిషి కాదు. నేల మీద కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా మాట్లాడతారు. వాళ్ల పల్లెలో మావిని ఊరికే వదలరు. కొత్త ముంతలో పెట్టి, పసుపూ కుంకుమా వేసి, ఇంటి గడప పక్కన తవ్వి పాతిపెడతారు. దాని మీద కుక్క పడకూడదు, పరాయివాడి నీడ పడకూడదు.

"మావి మన్నులోకి ఎల్లాల అమ్మీ. సీసాలో ఎడితే తల్లికి పాలు పడవు, బిడ్డకి నిలకడుండదు. నానున్నంత కాలం మన ఇంటి మావి సీసాలో ఎట్టనివ్వను."

మనది మూడో అంతస్తు, మన ఇంట్లో మట్టంటే తులసి కుండీలో ఉన్నదే, అందులో పాతుదామా అన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ముంతలో పెట్టుకుని బస్సెక్కి ఊరు తీసుకెళ్తానన్నారు. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి, ఒళ్లో ముంత పెట్టుకున్న మనిషిని కండక్టరు ఏమడుగుతాడో ఊహించుకుని నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క ఒళ్లు మంట.

మా అమ్మ ఫోన్ చేసి, పెద్దావిడ మాట కాదనకు, దీనికోసం ఇంట్లో తగువెందుకంది. మా ఆయన రెండు రోజులు ఎవరివైపూ చూడకుండా తిరిగి, చివరికి ఒక తెలివైన ఉపాయం కనిపెట్టాడు. సగం డాక్టరమ్మకిద్దాం, సగం ఊళ్లో పాతిపెడదాం అన్నాడు. పైగా డాక్టరమ్మని కూడా అడిగొచ్చాడు. మొత్తం కావాలి, తూచాలి, ఎక్కడెక్కడ పాడైందో చూడాలి, తరవాత మందునీళ్లలో వేసి దాస్తాం అందట. సగం సగం పంచుకోడానికి అదేమన్నా సింహాచలం ప్రసాదమా అని అడిగాను. ఆయన డ్యూటీకి టైమైందని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయనకి డ్యూటీ లేదు.

ఇలా నెట్టుకొస్తుంటే ఒక సాయంత్రం అత్తగారు కొత్త ముంత కొనుక్కొచ్చారు. వంటింట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టారు. నీళ్లకోసం వెళ్లి దాన్ని చూశాను. నాకింక కోపం ఆగలేదు.

"పోయినసారి మావి ఎక్కడ పాతిపెట్టారత్తయ్యా?" అని అడిగాను.

పొయ్యి దగ్గరున్న ఆవిడ మంట తగ్గించారు.

నేనే చెప్పాను. అది ఆసుపత్రిలో చెత్త వేసే పసుపు సంచీలో, గాజుగుడ్డలతో దూదితో కలిసి పోయింది. అప్పుడు ఎవరికీ ఆచారం గుర్తురాలేదు. ఎవరూ ముంత కొనలేదు. చచ్చిన బిడ్డ మావికి లేని మర్యాద ఇప్పుడెందుకు? అడక్కుండా పారేస్తే ఎవరికీ పట్టలేదు, అడిగి తీసుకుంటామంటే మాత్రం తప్పొచ్చిందా? ఇంకా చాలా అన్నాను. నా గొంతు పక్క ఫ్లాటుకి వినబడుతోందని తెలుసు, వినబడనీ అనుకున్నాను. చివరికి ఇలా అన్నాను.

"నా బిడ్డ ఎందుకు చచ్చిపోయిందో మీకు తెలుసా? తెలిస్తే చెప్పండి. ఇప్పుడే చెప్పండి. మావి మీకే ఇచ్చేస్తాను, మీ ఇష్టమొచ్చిన చోట పాతుకోండి."

ఆవిడ పొయ్యి కట్టేసి, నన్ను దాటుకుని వెళ్లి బాల్కనీలో కూర్చున్నారు. ఆ పూట అన్నం తినలేదు. నేను తిన్నాను. కడుపులో బిడ్డ ఉంది, అలిగి పస్తుండే తీరిక నాకు లేదు. తరవాత రోజుల్లో ఆవిడ మందులు టైముకి ఇచ్చారు, కాళ్లకి దిండు పెట్టారు, ఉప్పు తగ్గించి వండారు. మాట మాత్రం లేదు. ముంత కూడా అక్కడే ఉంది. నేను దాని సంగతి ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

ఎనిమిదో నెల నిండుతుండగా మళ్లీ కళ్ల ముందు ఆ మెరుపులు వచ్చాయి. ఈసారి ఎవరి సలహా వినలేదు. ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్తూ, సిగ్నళ్ల దగ్గర డ్రైవరుని నేనే తిట్టాను. డాక్టరమ్మ చూసి, ఇంక ఆగలేం, ఆపరేషన్ చేసి తీసేద్దాం అంది. మర్నాడు పొద్దున్నే థియేటర్లోకి తీసుకెళ్లారు. నడుముకి మత్తు ఇచ్చారు. మొలకిందంతా నాది కాకుండా పోయింది కానీ నోరు మాత్రం నాదే. కోస్తున్న పెద్ద డాక్టరుతో, మావి పరిశోధన డాక్టరమ్మకే ఇవ్వాలండీ, ఇంకెవరికీ ఇవ్వొద్దు అని చెప్పాను. చెప్పిందే మళ్లీ చెప్పాను. ఆయన, ముందు బిడ్డని తియ్యనివ్వమ్మా అని విసుక్కున్నాడు.

ఆడపిల్ల. ముందు చప్పుడు లేదు. ఆ కాసేపు నాకు మావీ గుర్తులేదు, పరిశోధనా గుర్తులేదు, ఏ దేవుడైనా సరే అనుకున్నాను. తరవాత పిల్లి కూత లాంటి చిన్న ఏడుపు. గుప్పెడంత ఉంది. చూపించి, చూశానో లేదో కూడా చూడకుండా, పసిపిల్లల వార్డుకి పట్టుకుపోయారు. బతికే ఉంది, ఏడ్చింది. నేను కూడా గట్టిగానే ఏడ్చాను, సిగ్గుపడలేదు.

కన్నీళ్లు తుడుచుకునే వీలు లేక తల పక్కకి తిప్పితే, ఆయా ఒక బేసిన్ పట్టుకుని తలుపు వైపు వెళ్లడం కనిపించింది. అది డాక్టరమ్మ డబ్బా కాదు. ఆపండి అన్నాను. ఎవరూ ఆపలేదు. తలుపు ఊగి మూసుకుంది. కాళ్లు కదలవు, చేతులకి గొట్టాలు. అంత కోపం వచ్చిన మనిషి అలా కదలకుండా పడుకోవడం ఎంత నరకమో ఎవరికీ చెప్పలేను.

వార్డులోకి తెచ్చాక మా ఆయన మొహం చూస్తేనే అర్థమైంది. ఆయా అలవాటు ప్రకారం బయటికొచ్చి, ఎవరి తాలూకు అని అడిగిందట. పల్లెల నుంచి వచ్చేవాళ్లు చాలామంది మావి అడిగి పట్టుకెళ్తారు, అందుకే ఆమె అడగడం. మా అత్తగారు లేచి, మాదేనన్నారట. సంచీలోంచి ముంత తీశారట. మావి అందులో పెట్టించుకుని, పైన గుడ్డ కప్పి, మెట్లు దిగి వెళ్లిపోయారట. ఈయన వెనకాలే వెళ్లాడట గానీ, కింద జనంలో ఆవిడ కనబడలేదట.

"వెళ్లనిచ్చారా?" అన్నాను. పసిదాన్ని చూడాలో అమ్మని పట్టుకోవాలో తెలియలేదన్నాడు. కుట్లు పిగిలినా సరే, మీ ఊరొచ్చి మీ గడప తవ్వుతానని చెప్పాను. ఉత్తినే అనలేదు. నిజంగా తవ్వేదాన్ని. నా మావిని నేను ఇస్తానన్నాను, నేను సంతకం పెట్టాను, నా ఒంట్లోంచి వచ్చిందాన్ని నేను కదల్లేని సమయం చూసి పట్టుకుపోయారు. ఆ కోపం ఇప్పుడు తలుచుకున్నా చల్లారదు.

మధ్యాహ్నం అన్నాల వేళకి డాక్టరమ్మ వచ్చింది. పాపకి ఊపిరి బాగానే ఆడుతోందని ముందు ఆ మాట చెప్పింది. వెనకాల మా అత్తగారు నిలబడి ఉన్నారు. చేతిలో ముంత లేదు. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము.

"మీ మావి నా దగ్గరే ఉంది. ఈవిడే తెచ్చిచ్చారు," అంది డాక్టరమ్మ. ఆసుపత్రంతా కనిపించినవాళ్లనల్లా అడుక్కుంటూ, తప్పు మెట్లెక్కి, ఎక్స్‌రే గది దగ్గర కాసేపు తిట్లు తిని, చివరికి ల్యాబు పట్టుకున్నారట. ముంత బల్ల మీద పెట్టి, ఆయా సేతిలో ఎడితే ఎక్కడ పడేత్తాదో అని నానే తెచ్చాను అన్నారట. వాళ్లు ముంత మీది గుడ్డ తీసేదాకా అక్కణ్నుంచి కదల్లేదట.

నోట్లో సిద్ధంగా ఉన్న తిట్లన్నీ అక్కడే ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అత్తగారు నా వైపు చూడలేదు. డాక్టరమ్మనే చూస్తూ, మెల్లగా అడిగారు.

"పాతిపెట్టినవి తవ్వి తెత్తే సూత్తారేటమ్మా?"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. ఎవరివి అని అడిగింది.

"నాయి. ఈడికి ముందు ముగ్గురు పోయారు. మావిలన్నీ గడప పక్కనే పాతాను. పసుపూ కుంకుమా ఎట్టే పాతాను. ఏటీ తక్కువ సెయ్యనేదు."

మా ఆయన కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. ఆయనకి తెలియదు. తన కంటే ముందు ఎవరో ఉన్నారని ఆ ఇంట్లో ఒక్కరూ ఆయనకి చెప్పలేదు. ఆవిడకీ కాళ్లు వాచేవట, తలనొప్పి వచ్చేదట, ఒకసారి కాళ్లూ చేతులూ కొట్టుకుని స్పృహ తప్పిందట. గాలి సోకిందని వేపమండలతో కొట్టారట. ఇవన్నీ ఆవిడ డాక్టరమ్మ అడుగుతుంటే ఒక్కొక్కటీ చెప్తున్నారు. నేను వంటింట్లో అడిగిన ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు లేకపోవడం కాదు. అదే ప్రశ్న ఆవిడ దగ్గర నాకంటే ముందునుంచీ ఉంది, అడగడానికే మనిషి దొరకలేదు.

మట్టిలో కలిసిపోయినవి ఇప్పుడు చూడలేమని డాక్టరమ్మ చెప్పింది. అత్తగారు తల ఊపి, పమిట సర్దుకుని, పాపని చూడ్డానికి వెళ్లబోయారు. డాక్టరమ్మ ఆపింది. మావి తల్లిది మాత్రమే కాదండీ, సగం తండ్రి వైపు నుంచి వస్తుంది, తండ్రిని కన్న తల్లికి ఏం జరిగిందో కూడా మాకు కావాలి, మీరు చెప్తే రాసుకుంటాను అంది. ఇన్నాళ్లూ నా ఎండు చేపలు, నా స్కూటీ, నా పంతం లెక్కపెట్టినవాళ్లంతా ఆ మాట వినడానికి అక్కడ ఉంటే బాగుండేది.

ఇప్పుడెందుకులే అమ్మా, పసిదానికి ఆకలేస్తాదేమో అన్నారు అత్తగారు. మా ఆయన, నేను బయట ఉంటాను అంటూ కదిలాడు. ఒకసారి జారిపోతే ఆ మాట మళ్లీ రాదని నాకు తెలుసు. కుట్లు లాగుతున్నా మోచేతి మీద లేచాను.

"ఎవరూ కదలొద్దు. మీరు కూర్చోండి, వినాలి. డాక్టరుగారూ, మీరూ కూర్చోండి. అత్తయ్యా, చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి."

ఆవిడ నా మంచం చివర కూర్చున్నారు. నా కాళ్ల మీద దుప్పటి సరిచేశారు. చాలాసేపు సరిచేశారు.

"పెద్దోడు మగపిల్లడు," అన్నారు. "నాకు ముకం సూపించనేదు."